యూరప్‌లో వసంతకాలపు ఆదివారం: ఎక్కడ షాపులు తెరుస్తారు, శనివారమే ఏం కొనిపెట్టుకోవాలి

మార్చి నుంచి మే దాకా యూరప్‌లో తిరిగేవాళ్ళకి, కొత్తగా అక్కడ ఇల్లు తీసుకున్నవాళ్ళకి రెండు చిక్కులు కలిసే వస్తాయి. శనివారం మధ్యాహ్నం 20 డిగ్రీల ఎండ కాస్తుంది, స్వెట్టర్ కూడా లేకుండా తిరిగేస్తారు. ఆదివారం పొద్దున లేచేసరికి 4 డిగ్రీలు, గాలి, సన్నటి జల్లు. గొడుగో రెయిన్‌కోటో కొందామని బయటికి వెళ్తే వీధి పొడుగునా షట్టర్లు దించి ఉంటాయి. అందుకని వాతావరణాన్నీ బజారునీ విడివిడిగా చూడకూడదు. శుక్రవారం రాత్రి వాతావరణ సూచన చూడండి, దాన్నిబట్టి శనివారం సరుకులు తెచ్చుకోండి. ఈ వరస తప్పితే ఆదివారం ఏది కొన్నా తిరుగుడెక్కువ, ఖర్చెక్కువ.

"యూరప్‌లో ఆదివారం అన్నీ మూసేస్తారు" అనే మాట సగమే నిజం. ఒక్కో దేశానిదీ ఒక్కో చట్టం. జర్మనీలో రాష్ట్రానికొకటి, నెదర్లాండ్స్‌లో ఊరికొకటి. మీరు ఉండబోయే ఊరు ఏ పద్ధతిలో నడుస్తుందో ముందు తేల్చుకోండి.

గట్టిగా మూసే దేశాలు

వీటిలో మొదట చెప్పాల్సింది జర్మనీ. ఆదివారం విశ్రాంతి అక్కడ రాజ్యాంగంలోనే ఉంది. మిగతా రోజుల వేళల్ని 2006 నుంచి రాష్ట్రాలు నిర్ణయించుకుంటున్నాయి. బెర్లిన్‌లో సోమవారం నుంచి శనివారం దాకా రాత్రంతా తెరుచుకున్నా చట్టం అడ్డు చెప్పదు, బవేరియాలో మాత్రం రాత్రి 8కి మూసేయాల్సిందే. మ్యూనిక్‌లో శనివారం 7:50కి సూపర్‌మార్కెట్‌లో అడుగుపెడితే బ్రెడ్ షెల్ఫ్ ఖాళీగా ఉంటుంది, క్యూ మాత్రం పాల ఫ్రిజ్ దాకా ఉంటుంది. సాయంత్రం 5 లోపు వెళ్ళడం మంచిది. ఏడాదికి కొన్ని ఆదివారాలు షాపులు తెరవడానికి అనుమతి ఇస్తారు. రాష్ట్రాన్నిబట్టి మూడు నుంచి పది దాకా ఉంటాయి, మామూలుగా మధ్యాహ్నం 1 నుంచి 6 వరకు. వాటిని నమ్ముకుని ప్లాన్ వేసుకోవద్దు, ఎందుకంటే పక్క ఊరి తేదీ మీ ఊరికి వర్తించదు.

జర్మనీలో ఆదివారం దిక్కు పెద్ద రైల్వే స్టేషన్లే. బెర్లిన్, లైప్‌జిగ్, హాంబర్గ్ ప్రధాన స్టేషన్లలో సూపర్‌మార్కెట్, మందుల షాపు, పుస్తకాల షాపు తెరిచే ఉంటాయి. చట్టం దృష్టిలో అవి ప్రయాణికుల అవసరాల కోసం, కానీ టికెట్ చూపించమని ఎవరూ అడగరు. మధ్యాహ్నం దాటాక ఊరంతా అక్కడే ఉంటుంది, ఉదయం 10 లోపు వెళ్తే నయం. బేకరీలు ఆదివారం పొద్దున కొన్ని గంటలు తెరుస్తాయి. కూర్చుని కాఫీ తాగే వసతి ఉన్న బేకరీ అయితే ఇంకాసేపు అమ్ముతుంది. చిన్న బేకరీల్లో కార్డు తీసుకోకపోవడం మామూలే, 10, 20 యూరోల నోట్లు జేబులో ఉంచుకోండి. బెర్లిన్‌లో ప్రత్యేకంగా "ష్పేటీ" అనే చిల్లర కొట్లు ఉంటాయి. ఆదివారం వాటిలో చాలావరకు తెరిచే ఉంటాయి గానీ చిప్స్, బీరు, కూల్‌డ్రింకులు దాటి వంటకి పనికొచ్చేవి పెద్దగా దొరకవు.

ఆస్ట్రియా కూడా దాదాపు ఇంతే, కాకపోతే అక్కడ శనివారమే తొందరగా అయిపోతుంది. మామూలు రోజుల్లో షాపులు రాత్రి 9 దాకా తెరవొచ్చు, శనివారం సాయంత్రం 6కే ముగింపు. జర్మనీ అలవాటుతో వియన్నా వచ్చినవాళ్ళు ఏడింటికి సంచీ పట్టుకుని వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొస్తారు. అక్కడా స్టేషన్లే గతి: వియన్నా ప్రధాన స్టేషన్, ప్రాటర్‌స్టెర్న్. స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్ స్టేషన్ కింద ఉన్న బజారు ఆదివారం కూడా పనిచేస్తుంది. మిగతా చోట్ల శనివారం వేళలు కాంటన్‌ని (అక్కడి రాష్ట్రం) బట్టి మారతాయి, కొన్నిచోట్ల సాయంత్రం ఐదింటికే మూసేస్తారు.

పోలండ్‌లో 2018 మార్చి నుంచి ఆదివారం అమ్మకాల మీద నిషేధం ఉంది. ఏడాదిలో కొన్ని ఆదివారాలకు మాత్రం మినహాయింపు. వసంతంలో అవి రెండు: ఈస్టర్‌కి ముందొచ్చే మట్టల ఆదివారం, ఏప్రిల్‌లో చివరి ఆదివారం. ఇవి చట్టంలోనే రాసి ఉన్నాయి కాబట్టి ధైర్యంగా లెక్కేసుకోవచ్చు. నిషేధం మీరిన షాపుకి 1,000 నుంచి 1,00,000 జ్లోటీల దాకా జరిమానా. అయితే యజమాని తానే కౌంటర్‌లో నిలబడి అమ్మితే తప్పులేదు. వీధి మూలల్లో కనిపించే ఆకుపచ్చ బోర్డు "జాబ్కా" దుకాణాలు ఆదివారం చాలాచోట్ల తెరిచి ఉండటానికి కారణం అదే. పాలు, బ్రెడ్, గుడ్లు, కాఫీ దొరుకుతాయి, ధర సూపర్‌మార్కెట్ కంటే ఎక్కువ.

నార్వేలో 100 చదరపు మీటర్ల లోపు కిరాణా కొట్లకు ఆదివారం అనుమతి. అందుకే కొన్ని సూపర్‌మార్కెట్లు పెద్ద హాలుకి తాళమేసి, పక్కన ఒక చిన్న గది తెరిచి అక్కడ అమ్ముతాయి. క్రొయేషియా 2023 జులై నుంచి షాపులకు ఏడాదికి 16 ఆదివారాలే ఇచ్చింది, ఏవన్నది షాపు ఇష్టం. తీరంలోని షాపులు వాటిని ఎక్కువగా వేసవి రద్దీకి దాచుకుంటాయి గనుక ఏప్రిల్‌లో ఆశ పెట్టుకోకండి. స్లొవేనియా 2020లోనే మూసేసింది.

సగం తెరిచే దేశాలు

ఇంగ్లండ్, వేల్స్‌లో లెక్కంతా షాపు సైజుది. 1994 నాటి చట్టం ప్రకారం 280 చదరపు మీటర్లు దాటిన షాపు ఆదివారం ఉదయం 10కీ సాయంత్రం 6కీ మధ్య వరసగా ఆరు గంటలే అమ్మొచ్చు. అంటే 10 నుంచి 4, 11 నుంచి 5, లేదా 12 నుంచి 6. కొన్ని పెద్ద స్టోర్లు అరగంట ముందే లోపలికి రానిస్తాయి, కానీ బిల్లు కౌంటర్ వేళకే తెరుస్తుంది. బుట్ట నింపుకుని నిలబడండి, డబ్బు మాత్రం తీసుకోరు. చిన్న షాపులకి ఈ గొడవ లేదు, రాత్రి దాకా ఉంటాయి. స్కాట్లండ్‌లో ఈ పరిమితే లేదు. ఉత్తర ఐర్లండ్‌లో పెద్ద షాపులు మధ్యాహ్నం 1 నుంచి 6 దాకా. ఈస్టర్ ఆదివారం నాడు ఇంగ్లండ్, వేల్స్‌లో పెద్ద షాపులు పూర్తిగా బంద్. ఇందులో పెద్ద నర్సరీలు కూడా ఉన్నాయి. మొక్కలు నాటడానికి ఊరంతా సిద్ధపడే ఆదివారం అదే, మట్టి బస్తా కొనలేని ఆదివారమూ అదే.

ఫ్రాన్స్‌లో తిండి సరుకులు అమ్మే షాపులు ఆదివారం మధ్యాహ్నం 1 దాకా సిబ్బందితో నడవొచ్చు. పెద్ద ఊళ్ళలో కొన్ని సూపర్‌మార్కెట్లు ఆ తర్వాత కూడా తలుపు తెరిచే ఉంచుతాయి. క్యాషియర్లు ఉండరు, ఒక సెక్యూరిటీ మనిషి, మనమే స్కాన్ చేసుకునే మెషీన్లు, అంతే. కార్డు తప్పనిసరి. తూకం వేయాల్సిన పళ్ళకి లోపలే స్టికర్ అంటించుకుని రండి, మరిచిపోతే మెషీన్ దగ్గర ఆగిపోతారు. బట్టలు, చెప్పులు కావాలంటే పారిస్‌లో 2015 చట్టం కింద పర్యాటక మండలాలుగా గుర్తించిన మారె, ఓస్‌మాన్, షాంజెలిజె ప్రాంతాలకి వెళ్ళాలి. చిన్న ఊళ్ళలో ఆదివారం ఉదయం సంత ఉంటుంది, 12:30కి గుడారాలు విప్పేస్తారు. అసలు దెబ్బ సోమవారం తగులుతుంది: ఆదివారం తెరిచిన చాలా షాపులు సోమవారం సెలవు తీసుకుంటాయి.

నెదర్లాండ్స్‌లో 2013 నుంచి నిర్ణయం మునిసిపాలిటీలది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆదివారం మామూలు బజారు రోజే, ఎక్కువ షాపులు 12 తర్వాత తెరుస్తారు. ఉర్క్ లాంటి భక్తి ఎక్కువున్న ఊళ్ళలో ఒక్క షట్టరూ లేవదు. స్పెయిన్‌లో మాడ్రిడ్ 2012 నుంచి పూర్తిగా స్వేచ్ఛ ఇచ్చింది. బార్సెలోనాలో పర్యాటక ప్రాంతాల పెద్ద షాపులకు ఆదివారం అనుమతి మే 15 నుంచి మొదలవుతుంది, ఏప్రిల్‌లో వెళ్ళేవాళ్ళకి అది పనికిరాదు. గ్రీస్‌లో ఏడాదిలో కొన్ని ఆదివారాలే. నీళ్ళ సీసా, బిస్కట్లకి ఫుట్‌పాత్ మీద "పెరిప్తెరో" బంకులుంటాయి.

ఇటలీ (2012 నుంచి), ఫిన్లండ్ (2016 నుంచి), స్వీడన్, డెన్మార్క్, పోర్చుగల్, చెక్, హంగరీల్లో ఆదివారం పెద్దగా ఇబ్బంది లేదు. హంగరీ 2015లో నిషేధం పెట్టి 2016లో ఎత్తేసింది. స్వీడన్, ఫిన్లండ్‌లలో మద్యం అమ్మే ప్రభుత్వ దుకాణాలు మాత్రం ఆదివారం మూసే ఉంటాయి. స్వీడన్‌లో శనివారం మధ్యాహ్నం 3కే తాళం.

సెలవు ఆదివారానికి తగిలితే

వసంతంలో మామూలు ఆదివారం కంటే పండుగ సెలవులే ఎక్కువ ముంచుతాయి. ఈస్టర్ తేదీ తెలిస్తే మిగతావి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు: రెండు రోజుల ముందు గుడ్ ఫ్రైడే, మర్నాడు ఈస్టర్ సోమవారం, 39వ రోజున గురువారం నాడు ఆరోహణ పండుగ, 50వ రోజున పెంతెకోస్తు సోమవారం. వీటికి మే 1 తోడు.

2027నే తీసుకోండి. ఈస్టర్ మార్చి 28న. జర్మనీలో 26 శుక్రవారం బంద్, 27 శనివారం ఒక్కరోజు తెరుస్తారు, మళ్ళీ 28, 29 బంద్. శనివారం తెచ్చుకున్నది మంగళవారం పొద్దున దాకా రావాలి. ఆ ఆదివారమే గడియారాలు గంట ముందుకు జరుగుతాయి (ఏటా మార్చి చివరి ఆదివారం). ఫోను తనంతట తాను సర్దుకుంటుంది, అద్దె ఇంట్లో గోడ గడియారం సర్దుకోదు. దాన్ని చూసి తొమ్మిదనుకుని బేకరీకి బయల్దేరితే అప్పటికే పది. ఆ ఏడాది మే 1 శనివారం పడింది, మర్నాడు ఆదివారం. అంటే జర్మనీలో ఏప్రిల్ 30 శుక్రవారం సాయంత్రమే ఆఖరి అవకాశం. పోలండ్‌లో మే 3 కూడా జాతీయ సెలవు, కాబట్టి శని, ఆది, సోమ మూడు రోజులూ పెద్ద షాపులు ఉండవు. గ్రీస్‌లోని ఆర్థడాక్స్ క్రైస్తవులు ఈస్టర్ తేదీని వేరే లెక్కలో కడతారు, ఆ ఏడాది అది మే 2న. అక్కడ బజారు బంద్ అయ్యే వారానికి పశ్చిమ యూరప్‌లో ఈస్టర్ ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

ఇంకొన్ని మెలికలు. గుడ్ ఫ్రైడే ఫ్రాన్స్‌లో సెలవు కాదు, ఆల్సేస్-మొజెల్ ప్రాంతంలో తప్ప. ఆస్ట్రియా, ఇటలీల్లోనూ మామూలు పనిరోజే. నార్వేలో పవిత్ర గురువారం (గుడ్ ఫ్రైడే ముందురోజు) నుంచే సెలవులు మొదలు. డెన్మార్క్‌లో ఆదివారాలు తెరిచినా ఈస్టర్ సెలవుల్లో పెద్ద షాపులు మూస్తారు. పోలండ్‌లో ఈస్టర్ ముందటి శనివారం మధ్యాహ్నం 2కే ముగింపు. చెక్‌లో 200 చదరపు మీటర్లు దాటిన షాపులు ఈస్టర్ సోమవారం, మే 8 మూస్తారు, మే 1న మాత్రం తెరుస్తారు. ఫ్రాన్స్‌లో సెలవు గురువారం పడితే శుక్రవారం కూడా పని మానేసి దానికి "వంతెన" అని పేరు పెట్టుకున్నారు. మే నెలలో ఊళ్ళలో చిన్న షాపులు ఆ వంతెన మీదే ఉంటాయి, అంటే మూసే ఉంటాయి.

మ్యాపులో కనిపించే వేళల్ని సెలవు వారంలో నమ్మకండి. షాపు తలుపు మీద అంటించిన కాగితమే ప్రమాణం. బుధవారమే ఓసారి చూసి ఫొటో తీసుకోండి.

ఆకాశం సంగతి

ఏప్రిల్ 20 నాటి సూర్యుడు ఆగస్టు 22 నాటి సూర్యుడంత ఎత్తులో ఉంటాడు. కానీ సముద్రం, పైన గాలి ఇంకా శీతాకాలంలోనే ఉంటాయి. పొద్దున్న ఎండకి నేల వేడెక్కుతుంది, ఆ వేడి గాలి పైకి లేచి చల్లటి పొరను తాకి మధ్యాహ్నం రెండు మూడింటికల్లా మేఘం కడుతుంది. పది పదిహేను నిమిషాల జల్లు, ఒక్కోసారి సగ్గుబియ్యం లాంటి మంచు గుళ్ళు, మళ్ళీ ఎండ. ఏప్రిల్ వానంటే ఇదే. బయటి పనులు ఉదయం 9 నుంచి 1 లోపు పెట్టుకుంటే సగం వాన తప్పుతుంది. చలిగా ఉన్నా ఆ ఎండకి ముఖం కాలుతుంది. ఆల్ప్స్‌లో మంచు మీద పడి తిరిగొచ్చే ఎండకి ఇంకా ఎక్కువ. స్వెట్టరూ సన్‌స్క్రీనూ ఒకే సంచీలో ఉండాలి.

లండన్, ఆమ్‌స్టర్‌డామ్, పారిస్ వైపు ఏప్రిల్‌లో పగలు 13 నుంచి 16 డిగ్రీలు, రాత్రి 5 నుంచి 7. అక్కడ వాన కంటే గాలి ఎక్కువ ఏడిపిస్తుంది. మడత గొడుగు రెండో రోజుకే తిరగబడి పుల్లలు విరుగుతుంది. తలకి టోపీ ఉన్న పల్చటి వాటర్‌ప్రూఫ్ జాకెట్ తీసుకోండి, లోపల స్వెట్టర్ పట్టేంత వదులుగా ఉండాలి.

బెర్లిన్, ప్రాగ్, వార్సా, వియన్నాల్లో పగలు 14, 16 ఉన్నా తెల్లవారుజామున సున్నాకి దగ్గరవుతుంది. తోటవాళ్ళు మే 11 నుంచి 15 దాకా వచ్చే "మంచు సాధువుల" రోజులు దాటేవరకు టమాటా మొక్క బయట పెట్టరు. బాల్కనీలో మొక్కలున్నవాళ్ళు శనివారమే కప్పే గుడ్డ కొనుక్కోవాలి. మంచు పడుతుందని సూచన సాధారణంగా వారాంతంలోనే చూస్తారు, నర్సరీ అప్పటికి మూసేసి ఉంటుంది.

దక్షిణాదికి వెళ్ళేవాళ్ళు చేసే తప్పు వేరు. సెవిల్‌లో ఏప్రిల్ పగలు 23 డిగ్రీలంటే నిజమే. మాడ్రిడ్ మాత్రం సముద్రమట్టానికి 650 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ రాత్రి 7, 8కి దిగుతుంది. "మే 40వ తారీకు దాకా పై చొక్కా విప్పకు" అని స్పెయిన్‌లో సామెత, అంటే జూన్ 9 దాకా. రోమ్, మిలాన్‌లలో అపార్ట్‌మెంట్ల హీటింగ్‌ని చట్టం ప్రకారం ఏప్రిల్ 15న ఆపేస్తారు. తర్వాత వారం రోజులు వాన పడితే బయటికంటే గదిలోనే చలి. మందపాటి సాక్సులు రెండు జతలు, రాత్రికో ఫ్లీస్ జాకెట్ ఉండాలి. అవిన్యాన్, మార్సెయ్ వైపు మిస్ట్రాల్ గాలి వీస్తే ఆకాశం నీలంగా మెరుస్తుంది, చెవులు మాత్రం గడ్డకడతాయి. వసంతంలో సహారా ఇసుక కూడా వస్తుంది. 2022 మార్చిలో మాడ్రిడ్, 2024 ఏప్రిల్ 23న ఏథెన్స్ నారింజ రంగుకి తిరిగాయి. ఆస్తమా ఉంటే ఆ రోజు లోపలే ఉండండి, కాంటాక్ట్ లెన్సులు పక్కనపెట్టి కళ్ళజోడు పెట్టుకోండి.

స్టాక్‌హోమ్, హెల్సింకీ, ఓస్లోల్లో మార్చిని వసంతం అనడం మర్యాద కోసమే. పగలు కరిగిన మంచు రాత్రి అద్దంలా గడ్డకడుతుంది, పొద్దున జారిపడేది అప్పుడే. బూటుకి తొడిగే ముళ్ళ రబ్బరు పట్టీలు అక్కడి సూపర్‌మార్కెట్‌లోనే దొరుకుతాయి. ఏప్రిల్‌లో 8 నుంచి 10 డిగ్రీలు. చెరువు మీద మంచు గట్టిగా కనిపించినా నడవొద్దు.

సూచన చూసేటప్పుడు ఆ దేశపు ప్రభుత్వ సంస్థ యాప్ వాడండి: బ్రిటన్‌లో మెట్ ఆఫీస్, జర్మనీలో వార్న్‌వెటర్, ఫ్రాన్స్‌లో మెటియో ఫ్రాన్స్. ఎక్కడికైనా పనికొచ్చేది నార్వే వాళ్ళ యర్. పగటి గరిష్ఠం చూసి బట్టలు సర్దకండి. ఉదయం 8కీ రాత్రి 9కీ ఎంతుంటుందో, గాలి వేగమెంతో చూడండి. రోజులు ముందుకెళ్ళేకొద్దీ సూచన మీద నమ్మకం తగ్గుతుంది. బయటికి అడుగుపెట్టే ముందు వాన రాడార్ చూస్తే వచ్చే గంట సంగతి తేలిపోతుంది.

శనివారం సంచీలో

ఇద్దరికి ఆది, సోమ రెండు రోజులకి: బ్రెడ్ 750 గ్రాములు, పాలు 2 లీటర్లు, గుడ్లు 10, బంగాళాదుంపలు కిలో, పాస్తా అర కిలో, కూరగాయలు కిలోన్నర, పళ్ళు కిలో. అద్దె ఇళ్ళలో ఫ్రిజ్ చిన్నది, ఫ్రీజర్ అరచేయంత, కాబట్టి ఫ్రోజెన్ పేకెట్లు కొనకండి. జర్మనీలో ఖాళీ ప్లాస్టిక్ సీసాకి 25 సెంట్లు తిరిగిస్తారు, వాటిని కూడా శనివారమే మెషీన్‌లో వేసేయండి. గాజు సీసాలు మాత్రం ఆదివారం వీధి డబ్బాలో వేయకూడదు, చప్పుడవుతుందని నిషేధం.

మందులు అన్నిటికంటే ముందు. ఏప్రిల్‌లో బర్చ్ చెట్టు పుప్పొడి ఉత్తర, మధ్య యూరప్‌ని తుమ్మిస్తుంది, మేలో దక్షిణ స్పెయిన్‌లో ఆలివ్ వంతు. బ్రిటన్‌లో సెటిరిజిన్ (అలర్జీ మాత్ర), పారాసెటమాల్ సూపర్‌మార్కెట్‌లోనే దొరుకుతాయి. జర్మనీ, ఫ్రాన్స్‌లలో మందుల షాపులోనే కొనాలి. ఆదివారం అత్యవసరమైతే జర్మనీలో ఏ మందుల షాపు తలుపు మీదైనా ఆ రోజు డ్యూటీ షాపు పేరుంటుంది. అక్కడికెళ్ళి బెల్లు కొడితే చిన్న కిటికీలోంచి ఇస్తారు, 2.50 యూరోలు అదనం. ఫ్రాన్స్‌లో 3237కి ఫోన్ చేస్తే డ్యూటీ షాపు ఎక్కడో చెబుతారు. డాక్టర్ సలహాకి జర్మనీలో 116117, బ్రిటన్‌లో 111. ప్రాణం మీదికొస్తే ఎక్కడైనా 112.

ఇన్ని చేసినా ఏదో ఒకటి మరిచిపోతారు. అప్పుడు ముందు పెద్ద రైల్వే స్టేషన్, లేదంటే విమానాశ్రయం, ఆ తర్వాత పెట్రోల్ బంకు. బంకులో పాలు, బ్రెడ్, వేడి శాండ్‌విచ్ దొరుకుతాయి, రేటు బాగా ఎక్కువ. ఆదివారం బస్సులు కూడా తక్కువ తిరుగుతాయి, స్టాపులో అంటించిన పట్టికలో ఆదివారం, సెలవు దినాల వరస వేరుగా ఉంటుంది. ఆ వరస చూసుకుని బయల్దేరండి, లేకపోతే పాల పేకెట్ కోసం వెళ్ళి జల్లులో నలభై నిమిషాలు నిలబడాలి.